షోన్‌బ్రున్ (వియన్నా): కోట, తోట ఒకే రోజులో. టికెట్, స్టేషన్, కొండ దారి, మిలియన్ల గది

గోదారిగట్టు:
అందరికీ నమస్కారమండి. ఏప్రిల్ చివరి వారంలో మ్యూనిక్ నుంచి రైల్లో వియన్నా వెళ్తున్నాం. షోన్‌బ్రున్‌కి ఒక రోజు పూర్తిగా పెట్టుకున్నాం. అమ్మానాన్న డెబ్బై దాటినవాళ్ళు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. పాపకి ఆరేళ్ళు. ఏ టికెట్ తీసుకోవాలి, ఏ స్టేషన్‌లో దిగాలి, కొండ మీది గ్లోరియెట్ మంటపానికి పెద్దవాళ్ళు చేరగలరా? లోపల మన దేశపు చిత్రాలు పొదిగిన గది ఒకటుందని విన్నాం, అది అందరికీ చూపిస్తారా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

తోటమాలి:
ముందు రోజు ఎలా గడవాలో తేల్చుకోండి, టికెట్ సంగతి దాని వెంటే తేలుతుంది. కోట లోపలికి టికెట్ మీద వేసిన సమయానికే పంపిస్తారు. తోటకి టికెట్ లేదు, ఉదయం ఆరున్నరకే గేట్లు తీస్తారు. అంటే మీ రోజంతా ఆ ఒక్క సమయం చుట్టూ తిరుగుతుంది.

కోట ఎనిమిదిన్నరకి తెరుస్తారు. మొదటి గంటలో దొరికే విడత తీసుకోండి. పదిన్నర దాటాక పర్యాటకుల బస్సులు వరసగా వచ్చేస్తాయి. లోపల దారి ఒకటే, చాలా గదులు చిన్నవి, ముందున్న గుంపు కదిలితేనే వెనకవాళ్ళు కదలాలి. పెద్దవాళ్ళకి నడకకన్నా ఆ నిలబడటమే కష్టం. కూర్చునే చోట్లు లోపల తక్కువ.

నా సలహా ఇది: తూర్పున షోన్‌బ్రున్ స్టేషన్‌లో దిగి, ముందు కోట చూసి, వెనక తోటలోకి వచ్చి, కొండ మీదికి వెళ్ళి, పడమర వైపు దిగి, పామ్ హౌస్ (మొక్కలు పెంచే గాజు ఇల్లు) చూసుకుని హీట్‌సింగ్ స్టేషన్‌లో రైలెక్కండి. ఒకే దిశలో నడుస్తారు, వచ్చిన దారినే వెనక్కి నడవాల్సిన పని ఉండదు. తోట తూర్పు నుంచి పడమరకి సుమారు 1.2 కిలోమీటర్లు, ఉత్తరం నుంచి దక్షిణానికి ఇంచుమించు ఒక కిలోమీటరు. మొత్తం 160 హెక్టార్లు, మన లెక్కలో దాదాపు 400 ఎకరాలు. అటూ ఇటూ రెండుసార్లు తిరిగితే మోకాళ్ళు పట్టేస్తాయి.

రైలుకట్ట:
రవాణా సంగతి నేను చెప్తాను. మెట్రోలో ఆకుపచ్చ రంగు లైను, యు4. కార్ల్స్‌ప్లాట్స్‌లో హ్యూటెల్‌డార్ఫ్ వైపు వెళ్ళే రైలెక్కితే ఆరో స్టాపు షోన్‌బ్రున్, ఏడోది హీట్‌సింగ్. మ్యూనిక్ రైలు ఆగే ప్రధాన స్టేషన్ నుంచైతే యు1లో కార్ల్స్‌ప్లాట్స్‌కి వచ్చి మారాలి. రైలు మైడ్లింగ్‌లో కూడా ఆగుతుంది. మీ బస ఆ వైపు ఉంటే అక్కడే దిగి యు6లో లేంగెన్‌ఫెల్డ్‌గాసె వరకు వెళ్ళి యు4 పట్టుకోవడం దగ్గర. ట్రామ్‌లో రావాలంటే 10, 60 నంబర్లు కోట ముందే ఆగుతాయి. పెద్దవాళ్ళతో అయితే ట్రామే మేలు, స్టేషన్ నుంచి నడిచే దూరం తగ్గుతుంది.

కాగితం టికెట్ కొంటే ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళేముందు ఉండే చిన్న నీలం పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. కొన్నంత మాత్రాన చెల్లదు. మనవాళ్ళకి జరిమానా పడేది చాలావరకు ఇక్కడే.

హీట్‌సింగ్‌లో రైలెక్కేముందు పక్కనున్న చిన్న గుమ్మటం భవనం చూడండి. చక్రవర్తి కోసం ఓట్టో వాగ్నర్ 1899లో కట్టిన ప్రత్యేక స్టేషన్ అది.

రాతిగోడ:
మీరు అడక్కపోయినా కట్టడం గురించి నాలుగు మాటలు రాస్తాను. ఇది తెలియకపోతే తోట వేరు, కోట వేరు అనిపిస్తుంది. నిజానికి రెండూ ఒకే గీత మీద ఉన్నాయి.

ఈ స్థలాన్ని 1569లో చక్రవర్తి రెండో మాక్సిమిలియన్ కొన్నాడు. అప్పట్లో వేట బంగళా, జంతువుల దొడ్డి. 1683లో టర్కీ సేనలు వియన్నాని ముట్టడించినప్పుడు పాత భవనం నాశనమైంది. తర్వాత యోహాన్ బెర్న్‌హార్డ్ ఫిషర్ ఫాన్ ఎర్లాఖ్ రెండు నమూనాలు గీశాడు. మొదటిదానిలో కోట కొండ నెత్తిన ఉంటుంది, అక్కడినుంచి మెట్లు మెట్లుగా నేల దాకా దిగుతుంది. అది కట్టలేదు. రెండో నమూనా ప్రకారం 1696లో కింద, మైదానంలో పని మొదలైంది. ఇప్పుడు మనం చూసేది ఆ ఎముకల గూడు మీద 1743 నుంచి ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా కోసం నికోలౌస్ పకాసి మార్చి కట్టినది. అందుకే బయటి అమరిక బరోక్ (భారీ, సమతూక శైలి), లోపలి అలంకారం రొకోకో (సున్నితమైన వంపుల శైలి).

కొండ నెత్తి మాత్రం దాదాపు ఎనభై ఏళ్ళు ఖాళీగానే ఉంది. 1775లో యోహాన్ ఫెర్డినాండ్ హెట్సెన్‌డార్ఫ్ ఫాన్ హోహెన్‌బెర్గ్ అక్కడ గ్లోరియెట్ నిలబెట్టాడు. ఫిషర్ కోట ఉండాలనుకున్న చోట ఇప్పుడు స్తంభాల మంటపం ఉంది. కొండ కింద నెప్ట్యూన్ ఫౌంటెన్ 1780లో పూర్తయింది, మరియా థెరీసా చనిపోయిన సంవత్సరం అదే. కోట మధ్యగది, పూల మళ్ళ మధ్య బాట, ఫౌంటెన్, గ్లోరియెట్, ఈ నాలుగూ సూటిగా ఒకే గీత. లోపల చిన్న గ్యాలరీ కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు బయటికి చూడండి, గ్లోరియెట్ ఎదురుగా కనబడుతుంది. చాలామంది అద్దాలు, బంగారు పూత చూస్తూ ఆ కిటికీని దాటిపోతారు.

చార్మినార్_చాయ్:
రాతిగోడ అన్న మంచిగ చెప్పిండు. టికెట్ల లెక్క నేను చెప్త.

కోటల మొత్తం 1,441 గదులు ఉన్నయి. జనానికి చూపెట్టేది నలభై చిల్లర. పెద్ద టూర్, చిన్న టూర్ అని రెండు రకాలు అమ్ముతరు. పేర్లు, రేట్లు అప్పుడప్పుడు మారుస్తరు, అందుకే పేరు చూసి కొనకుండ్రి. కొనే పేజీల గదుల పట్టిక ఉంటది. దాంట్ల మిలియన్ల గది, పింగాణీ గది, వ్యూ లాక్ గది మూడూ ఉన్నయా లేవా చూడుండ్రి. మూడూ ఉన్నదే పెద్ద టూర్. ఆడియో గైడ్ వినుకుంట పోతె గంట పడతది, నిదానంగ పోతె గంటన్నర.

ఇంకొన్ని సంగతులు గుర్తు పెట్టుకోండ్రి. అధికారిక సైట్ల కొనండ్రి, వెతికితే పైన వచ్చే ప్రకటనలల్ల ఎక్కువ శాతం దళారులే, అదే టికెట్‌ల గైడ్ అని కలిపి రేటు పెంచుతరు. ఆరేండ్లు నిండిన పిల్లలకి టికెట్ కావాలె, ఉచితం ఆరేండ్ల లోపు వాళ్ళకే. మీ పాపకి పిల్లల టికెట్ తీసుకోండ్రి. ఎవరన్న విద్యార్థి ఉంటే కార్డు వెంట ఉండాలె. టికెట్ మీద సమయానికి ఇరవై నిమిషాల ముందు వాకిట్ల ఉండుండ్రి. సంచులు అప్పజెప్పేకాడ, మరుగుదొడ్డి కాడ సమయం పోతది, లోపలికి పోయినంక వెనకకు రానియ్యరు.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండి. చిన్న టూర్ తీసుకుంటే నాన్నగారికి తేలికవుతుందేమో అనుకుంటున్నాం. తేడా అంత ఉంటుందా?

చిత్రిక:
ఉంటుందండి. చిన్న టూర్‌లో పడమటి రెక్కలో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్, ఆయన భార్య ఎలిజబెత్ వాడిన గదులే ముఖ్యంగా ఉంటే, మీరు చూసేది పంతొమ్మిదో శతాబ్దపు జీవితం. ఫ్రాంజ్ జోసెఫ్ ఇక్కడే 1830లో పుట్టాడు, ఇక్కడే 1916 నవంబరు 21న చనిపోయాడు. ఆయన పడుకున్న ఇనప మంచం చూపిస్తారు. అది చూడాల్సిందే. కానీ కోటకి పేరు తెచ్చిన పద్దెనిమిదో శతాబ్దపు పనితనం చాలావరకు తూర్పు వైపు ఉంది.

పెద్ద టూర్‌లో ఎక్కడ ఆగాలో చెప్తాను, మిగతావి నడుస్తూ చూడొచ్చు.

అద్దాల గది: 1762 అక్టోబరులో సంగీతకారుడు మొజార్ట్ ఆరేళ్ళవాడిగా మరియా థెరీసా ముందు వాయించింది ఇక్కడే అంటారు. మీ పాప ఈడే, చెప్పండి.

పెద్ద గ్యాలరీ: 40 మీటర్లు దాటిన పొడవు, దాదాపు 10 మీటర్ల వెడల్పు. పైకప్పు మీద గ్రెగోరియో గుల్యెల్మి వేసిన మూడు చిత్రాలున్నాయి. యుద్ధాన్ని చూపే చిత్రం 1945లో బాంబు పడి పోయింది, ఇప్పుడున్నది తిరిగి వేసినది. 1961లో కెన్నెడీ, క్రుశ్చేవ్‌లకి విందు జరిగిన హాలు ఇది. నడిమధ్యన నిలబడి పైకి చూస్తే మెడ పట్టేస్తుంది, గోడవారగా నిలబడి ఎదుటి వైపు కప్పు చూడండి.

సభామంటపం: 1760లో జరిగిన, మరియా థెరీసా కొడుకు రెండో జోసెఫ్ పెళ్ళి చిత్రాలు గోడలనిండా ఉంటాయి. వాటిలో ఒకదానిలో జనంలో చిన్న మొజార్ట్ ఉంటాడు. పెళ్ళినాటికి అతనికి నాలుగేళ్ళు, వియన్నాకే రాలేదు. చిత్రాలు పూర్తయ్యేసరికి పేరొచ్చింది కాబట్టి తర్వాత చేర్చారు.

నీలి చైనా గది: గోడలకి చైనా చేతిచిత్రాల కాగితం. 1918 నవంబరు 11న చివరి చక్రవర్తి కార్ల్ రాజ్యవ్యవహారాల నుంచి తప్పుకుంటున్నట్టు సంతకం పెట్టిన చోటు.

వ్యూ లాక్ గది: భర్త 1765లో పోయాక మరియా థెరీసా ఆయన స్మృతికి చేయించింది. బీజింగ్ నుంచి తెప్పించిన నల్ల లక్క పలకలు వాల్‌నట్ చెక్కలో పొదిగారు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గానీ బంగారు గీతలు తేలవు. ఒక నిమిషం ఆగండి.

పింగాణీ గది: పేరు అదే గానీ గోడల మీద పింగాణీ లేదు. చెక్కిన కర్రకి నీలం, తెలుపు రంగులేసి అలా కనబడేలా చేశారు. లోపల 213 నీలి సిరా చిత్రాలున్నాయి. మరియా థెరీసా భర్త ఫ్రాంజ్ స్టీఫెన్, ఆయన పిల్లలు గీసినవి.

గోదారిగట్టు:
మిలియన్ల గది గురించి కూడా చెప్పండి. మన దేశపు చిత్రాలంటే అదేనా?

చిత్రిక:
అదేనండి. గోడలంతా అరుదైన రోజ్‌వుడ్ పలకలు. వాటిలో వంకర్లు తిరిగిన బంగారు చట్రాలు, చట్రాల్లో పదహారు, పదిహేడో శతాబ్దాల మొఘల్ పాలకుల జీవితం చూపే చిన్న చిత్రాలు. దర్బారు, వేట, ఉద్యానంలో స్త్రీలు, సంగీతం, ఏనుగులు, అన్నీ ఉంటాయి.

అయితే ఒక విషయం తెలిసి చూడాలి. ఆ చిత్రాలు మన దగ్గర గీసినప్పుడున్న రూపంలో లేవు. అవి పుస్తకంలా ఒక్కొక్క పుటగా చేతిలో పట్టుకుని చూడటానికి వేసినవి. ఇక్కడ వాటిని కత్తిరించారు. ఒక పుటలోని మనిషిని, మరో పుటలోని చెట్టును, ఇంకో పుటలోని మంటపాన్ని పక్కపక్కన అతికించి, వంకర చట్రంలో ఇమిడేలా చేశారు. అందుకే కొన్నిచోట్ల బొమ్మల పరిమాణాలు పొసగవు. కూర్చున్న మనిషికన్నా పక్కనున్న గుర్రం చిన్నదిగా ఉండొచ్చు. అతుకుల గీతలు వెతకండి, జాగ్రత్తగా చూస్తే దొరుకుతాయి. మన చిత్రకారులు వెంట్రుకవాసి కుంచెతో గీసిన గడ్డం, ఒడ్డాణం, వస్త్రపు అంచు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వాళ్ళ పేర్లు మాత్రం పుటలతోపాటే తెగిపోయాయి. ఈ గదిని కేవలం బంగారు అలంకారంగా చూసి దాటిపోవడం నాకు బాధనిపిస్తుంది.

చూసేటప్పుడు ఇబ్బంది ఏమిటంటే, తాడు కట్టి ఉంటుంది, చట్రాలు కొన్ని మన తలకన్నా ఎత్తులో ఉంటాయి, అద్దం మెరుపు అడ్డొస్తుంది. జేబులో పట్టే చిన్న బైనాక్యులర్ తీసుకెళ్ళండి. దగ్గర్లోని వస్తువు మీద కూడా నిలిచే రకం కావాలి, మామూలు పక్షుల బైనాక్యులర్ కొన్ని మూడు మీటర్ల లోపు మసకగా చూపిస్తాయి. మెరుపు అడ్డొస్తే ఒకడుగు పక్కకి జరగండి, ఎదురుగా నిలబడితే కిటికీ వెలుతురు నేరుగా అద్దంలో పడుతుంది.

ఈ గది దారికి చివరి భాగంలో వస్తుంది. అప్పటికి అందరూ అలసిపోయి వేగం పెంచుతారు. నాన్నగారికి ఓపిక మిగలాలంటే మొదటి పదిహేను గదుల్లో ఆడియో మొత్తం వినకండి.

రాతిగోడ:
చిత్రిక గారి మాటకి ఒకటి కలుపుతాను. గదుల్లో మూలల్లో తెల్లని, బంగారు గీతల పొయ్యిలు కనబడతాయి. వాటికి ముందువైపు కట్టెలు వేసే నోరు ఉండదు. గోడ వెనక సేవకులు నడిచే సన్నని దారులున్నాయి, నిప్పు అక్కడినుంచి వేసేవారు. మసి, బూడిద, పనివాళ్ళు ఎవరికీ కనబడకూడదని ఆ ఏర్పాటు. గోడలు అంత మందంగా ఎందుకున్నాయో, తలుపుల్లాంటి సన్నని చెక్కలు ఎక్కడికి తెరుచుకుంటాయో దాంతో అర్థమవుతుంది.

గోదారిగట్టు:
పెద్ద టూరే తీసుకుంటాం. ఇక గ్లోరియెట్. నాన్నగారు ఎక్కగలరా?

తోటమాలి:
కోట వెనక గుమ్మం నుంచి నెప్ట్యూన్ ఫౌంటెన్ వరకు నేల చదును. అక్కడిదాకా అందరూ హాయిగా నడవొచ్చు, బల్లలున్నాయి. ఫౌంటెన్ దాటాక కొండ మొదలవుతుంది. రెండు వైపులా వంకర్లు తిరుగుతూ ఎక్కే కంకర బాటలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కోట నుంచి పైదాకా పాతిక నిమిషాలు. వాలు మరీ నిటారు కాదు, కానీ మోకాలికి కష్టం ఎక్కడంలో కన్నా దిగడంలో ఎక్కువ, కంకర మీద కాలు జారుతుంది. మడమలెత్తున్న చెప్పులు, చీర కుచ్చెళ్ళు నేలకి తగిలే కట్టు ఆ బాట మీద వద్దు. తోటలో చక్రాల కుర్చీ తోయడం చదునులో సాధ్యమే, కొండ మీదికి ఇద్దరు కావాలి.

పెద్దవాళ్ళకి రెండు మార్గాలు. ఒకటి, తోటలో తిరిగే పనోరమా బాన్ అనే చిన్న బండి. రోజు టికెట్ తీసుకుని దిగుతూ ఎక్కుతూ తిరగొచ్చు, గ్లోరియెట్ దగ్గర ఆగుతుంది. చలికాలంలో నడపరు, ఏప్రిల్‌లో ఉంటుంది. వర్షం బాగా పడితే ఆపేయవచ్చు, అందుకని ఎక్కేముందు చివరి బండి ఎప్పుడో అడగండి. రెండోది, టాక్సీలో దక్షిణం వైపు మరియా థెరీసా గేటుకి వెళ్ళడం. ఆ గేటు కొండ ఎత్తులోనే ఉంది, అక్కడినుంచి గ్లోరియెట్‌కి కింది నుంచి ఎక్కాల్సిన ఎత్తు తప్పుతుంది. మీ క్రమంలో మొదటిదే కలిసొస్తుంది.

కోట లోపల లిఫ్టు ఉంది. మెట్లు వద్దనుకుంటే ప్రవేశం దగ్గర సిబ్బందికి ముందే చెప్పాలి, లిఫ్టుకి దారి వేరు. కుర్చీ కావాలంటే వెళ్ళేముందే మెయిల్ పెట్టి అడగండి.

కోవెలదారి:
నెప్ట్యూన్ ఫౌంటెన్ గురించి చిన్న సూచన. అందరూ ముందు నిలబడి ఫొటో తీసుకుని తిరిగేస్తారు. విగ్రహాల వెనకవైపు వెళ్ళండి. పైనుంచి పడే నీటి తెర వెనకనుంచి కోట కనబడుతుంది. పిల్లలకి అది చాలా నచ్చుతుంది. చలికాలంలో నీళ్ళు ఆపేస్తారు, గడ్డకట్టి గొట్టాలు పగలకుండా. ఏప్రిల్ చివర అయితే నడుస్తూ ఉండాలి.

నెల్లూరి_నిమ్మచెట్టు:
ఏప్రిల్ చివర పూల మళ్ళలో పాన్సీలు, టులిప్‌ల వంటి వసంతపు పూలుంటాయి. అక్కడ మే 12 నుంచి 15 వరకు ఆఖరి మంచు దెబ్బ వస్తుందని రైతులు పాతకాలం నుంచి నమ్ముతారు. వేసవి మొక్కలు, కుండీల్లోని నిమ్మ, నారింజ చెట్లు బయటికి వచ్చేది ఆ తర్వాతే. కాబట్టి మే మధ్యలో వెళ్ళేవాళ్ళకి కొన్ని మళ్ళు తవ్వి ఖాళీగా కనబడొచ్చు. మీరు వెళ్ళేది మంచి సమయమే.

కుండీల చెట్లకి చలికాలపు ఇల్లే ఆరాంజరీ, పొడవు 189 మీటర్లు. అంత పొడవు ఎందుకంటే నిమ్మజాతి చెట్లు వేలకి వేలు పెంచడం అప్పటి రాజులకి గొప్ప. దక్షిణం వైపు పెద్ద కిటికీలు, ఉత్తరం వైపు గోడ, చలికాలపు ఎండ లోపలికి పడేలా కట్టారు.

చార్మినార్_చాయ్:
పిల్లకి ఏం చూపెట్టాలె అన్నది కూడా చూడుండ్రి. పొదలతో కట్టిన చిక్కుదారి ఉంది, దాంట్ల నడుమ ఎత్తు అరుగు ఉంటది, ఎక్కి చూస్తె దారి తెలుస్తది. అసలుది 1698ల మొదలుపెట్టిండ్రు, 1892ల తీసేసిండ్రు, ఇప్పుడున్నది 1998ల మల్ల పెంచింది. పక్కన ఆడుకునే జాగ ఉంది. దీనికి వేరే టికెట్.

చిక్కుదారి, గ్లోరియెట్ డాబా, యువరాజు తోట, ఆరాంజరీ తోట కోటతోని కలిపి క్లాసిక్ పాస్ అని అమ్ముతరు, వేసవి కాలంలనే. లెక్క గిట్ల చూసుకోండ్రి: కోటగాక ఇంక మూడన్న మీరు నిజంగ చూస్తె పాస్ లాభం. పెద్దోళ్ళు చిక్కుదారిలకి పోరు, డాబా మెట్లు ఎక్కరు. వాళ్ళకి ఒట్టి కోట టికెట్ చాలు. మీకు, పాపకి పాస్ తీసుకోండ్రి. అందరికీ ఒకటే తీసుకోవాలె అని ఏం లేదు.

జూ ఆ రోజు పెట్టుకోకుండ్రి. 1752ల మొదలైన జూ అది, ఇప్పటికీ నడుస్తున్న జూలల్ల అన్నిటికన్న పాతది. సగం రోజన్న కావాలె. కోటతోని కలిపితె రెండూ సరిగ చూడరు, పిల్ల ఏడుస్తది.

తోటమాలి:
జూ విషయంలో చార్మినార్ గారితో ఏకీభవిస్తాను. ఇంకొక రోజు ఉంటే మాత్రం వదలకండి. మధ్యలో ఎనిమిది మూలల మంటపం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా జంతువుల ఆవరణలు, ఆ బరోక్ అమరిక నేటికీ అలాగే ఉంది.

దాని బదులు ఆ రోజు పామ్ హౌస్ చూడండి. 1882లో తెరిచారు, ఇనుము, గాజుతో 111 మీటర్ల పొడవు, 28 మీటర్ల ఎత్తు. చల్లని, సమశీతోష్ణ, ఉష్ణమండల భాగాలు మూడు వేరువేరుగా ఉంటాయి. ఉష్ణమండల భాగంలోకి వెళ్ళగానే కళ్ళజోడు, కెమెరా అద్దం మసకబారతాయి. గుడ్డతో తుడిస్తే మళ్ళీ అదే. ఐదు నిమిషాలు అలాగే వదిలేస్తే గాజు వేడెక్కి దానంతటదే తేలిపోతుంది. పెద్దవాళ్ళు స్వెట్టర్ అక్కడ తీసేయాలి, బయటికి రాగానే వేసుకోవాలి.

ఇంకా కాస్త నడిచే ఓపిక ఉంటే తోటకి తూర్పు వైపు రోమన్ శిథిలం కూడా ఉంది. 1778లో శిథిలంలాగే కట్టినది. దానికి కొంచెం అవతల 1777 నాటి ఒబెలిస్క్ (మొన తేలిన ఎత్తైన రాతి స్తంభం), బంగారు తాబేళ్ళ మీద నిలబడి ఉంటుంది. దాని మీది ఈజిప్టు గుర్తులు అలంకారానికి చెక్కినవి. ఈజిప్టు లిపిని చదవగలిగింది 1822లో కదా. మీ దారిలో ఇవి పడవు, ఓపిక ఉంటేనే.

కోవెలదారి:
తిండి సంగతి ఎవరూ రాయలేదు. శాకాహారులైతే జాగ్రత్తగా ఉండాల్సింది సూపులతో. ఫ్రిట్టాటెన్ సూప్ చూడటానికి దోసె ముక్కలు వేసిన చారులా ఉంటుంది, అది గొడ్డు మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. మెనూలో దాన్ని మాంసాహారం కింద రాయకపోవచ్చు. కూరగాయల సూప్ అన్నా మూలరసం ఏమిటని అడగండి. కేసెష్పేట్స్‌లె అనే జున్ను కలిపిన పిండివంటకం మామూలుగా శాకాహారం, పైన పంది మాంసం ముక్కలు చల్లుతారేమో అడగండి. యాపిల్ ష్ట్రూడెల్‌లో ఎండుద్రాక్ష కొన్నిచోట్ల రమ్‌లో నానబెట్టి వేస్తారు. అమ్మగారికి ముందే చెప్పండి.

కొళాయి నీళ్ళు కొండల్లోని ఊటల నుంచి వస్తాయి, ఎక్కడైనా తాగొచ్చు. ఖాళీ సీసా పట్టుకెళ్ళండి. పులిహోర, చపాతీలు తీసుకెళ్తే బల్లల మీద కూర్చుని తినొచ్చు, పూల మళ్ళ గడ్డి మీదికి దిగొద్దు. గ్లోరియెట్ మధ్యలో ఉన్న కాఫీ హోటల్ మధ్యాహ్నం కిక్కిరిసి ఉంటుంది, పదకొండు లోపు వెళ్తే కిటికీ పక్క చోటు దొరుకుతుంది. మరుగుదొడ్లకి కొన్నిచోట్ల చిల్లర నాణేలు కావాలి.

వెలుగునీడ:
ఫొటోల గురించి. కోట గ్లోరియెట్‌కి ఉత్తరాన ఉంది. అంటే పైనుంచి కోట, ఊరు తీసేటప్పుడు సూర్యుడు మీ వెనక, పక్కల ఉంటాడు, పసుపు గోడలకి ఎండ నేరుగా పడుతుంది. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఎప్పుడైనా పర్వాలేదు. కింది నుంచి గ్లోరియెట్ తీయాలంటే దీనికి పూర్తిగా వ్యతిరేకం. మధ్యాహ్నం అది వెలుగుకి ఎదురుగా నల్లటి నీడలా పడుతుంది. దానికి పొద్దున్నే తోట తెరవగానే, లేదా పొద్దు వాలాక వెళ్ళాలి. మీకు ఎనిమిదిన్నర విడత ఉంటే ఏడున్నరకి వచ్చి కింది నుంచి ఆ ఫొటో తీసుకుని లోపలికి వెళ్ళండి. అప్పుడు పూల మళ్ళ మధ్య మనుషులూ ఉండరు.

గోదారిగట్టు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆఖరి ప్రశ్న. వాన పడితే?

తోటమాలి:
వాన పడితే కోట తర్వాత కొండ ఎక్కకండి, కంకర బురదవుతుంది. ముందు వాకిలికి పడమటి పక్కనే వాగెన్‌బుర్గ్, రాజుల బండ్ల మ్యూజియం ఉంది, టికెట్ వేరు. పట్టాభిషేకాలకి వాడిన బంగారు బండి సుమారు 4,000 కిలోల బరువు, ఎనిమిది గుర్రాలు లాగేవి. పాపకీ నచ్చుతుంది, పెద్దవాళ్ళకి నేల చదును. అక్కడినుంచి వాన తగ్గినప్పుడు పామ్ హౌస్‌కి నడవండి, పడమర వైపే. గ్లోరియెట్ ఇంకా మిగిలితే, వాన ఆగాక సాయంత్రం మీరొక్కరే పాపతో ఎక్కి రావచ్చు. ఏప్రిల్ చివరలో రాత్రి ఎనిమిది దాకా వెలుగుంటుంది, తోట గేట్లు కూడా ఆ ప్రాంతంలోనే మూస్తారు. మీరు బయటికి వెళ్ళబోయే గేటు దగ్గర రాసిన సమయం లోపలికి వచ్చేటప్పుడే చూసుకోండి.

రైలుకట్ట:
హీట్‌సింగ్ గేటు నుంచి స్టేషన్‌కి రోడ్డు దాటితే చాలు. పెద్దవాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి వెళ్ళాలంటే పామ్ హౌస్ ముందే కూర్చోబెట్టండి, మీరు కొండ దిగి వచ్చే దారి అటే తేలుతుంది.